మొద్దుకి నేర్పిన భయం

ఆపవే తల్లీ, ఆపు! ఎంతసేపు బాదుతావా ఇనుముని? నువ్వు తల పగలగొట్టుకున్నా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు.

నేను కనబడగానే మొదలెట్టావు చూడు! ఇందాక డాక్టరుగారొచ్చి బోను చుట్టూ తిరిగి చూసినా నోరెత్తలేదట. మా ఆఫీసు వంటావిడ తొంగిచూస్తే ముక్కు ఎగబీల్చి ఊరుకున్నావట. నేను షెడ్డు తలుపు తీశానో లేదో, శివాలెత్తిపోయావు. పగవాళ్లని చూసినా ఎవరైనా ఇంత గోల చేస్తారా?

సరే సరే, జరుగుతున్నాను. ఇదిగో, గోడ దాకా జరిగాను. ఈ పాత టైరు మీద కూర్చుంటాను. ఇంకా వెనక్కి పొమ్మంటే గోడ పగలగొట్టుకుని పోవాలి. చాలా? ఆ, అలా ఆ మూలకి పోయి కూర్చో. నన్ను చూడకపోతే మానెయ్. అటే తిరిగి కూర్చో.

నిన్ను బెదిరించడానికి రాలేదే ఇవాళ. చేతులు చూడు, ఖాళీ. పళ్లెం లేదు, కర్ర లేదు, తుపాకీ లేదు. ఊరికే కూర్చుందామని వచ్చాను. అక్కడ ఆఫీసు గదిలో కూర్చోలేక వచ్చాను, అదీ సంగతి.

అక్కడ మా పెద్దాఫీసరు ఫోను పట్టుకుని కూర్చున్నాడు. నీ గురించే. కొండల అవతల ఒక చోటుందట, దెబ్బలు తగిలిన జంతువుల్నీ, మనుషులకి మరిగిపోయిన జంతువుల్నీ పెట్టుకునే చోటు. చుట్టూ పెద్ద కంచె, లోపల చెట్లు, కాస్త నీళ్లు. అడవంత ఉండదనుకో. అయినా బతుకు బతుకే కదా. వాళ్ల దగ్గర నీకు జాగా ఉందంటే సాయంత్రానికల్లా మత్తు సూది వేసి, ఈ బోనుని బండికి తగిలించి పంపించేస్తాం. లేదంటే...

లేదంటే డాక్టరుగారి సంచిలో ఇంకో సూది ఉంది. అది వేస్తే మళ్లీ లేవడమంటూ ఉండదు.

అలాంటి చోట్లు నడిపేవాళ్లందరినీ అడిగేశాం. మా దగ్గర ఇప్పటికే కిక్కిరిసి ఉన్నాయన్నారు అందరూ. మిగిలింది ఈ ఒక్కళ్లే. ఇందాకట్నుంచీ ఆయన ఎవరితోనో మాట్లాడటం, వాళ్లు ఇంకెవరికో ఇవ్వడం, మళ్లీ మొదట్నుంచీ చెప్పడం. ఆడ ఎలుగండీ, వయసులో ఉన్నదేనండీ, ఆరోగ్యం బాగుందండీ అని పెళ్లి సంబంధం మాట్లాడినట్టు ఒకటే బతిమాలుతున్నాడు. వినలేక బయటికొచ్చేశాను.

ఏంటా గుర్రు? నామీదేనా? కోప్పడు. నీకాపాటి హక్కుందిలే.

అసలు నిన్ను కాదే అనాలి. ఈ పార్కు చూడ్డానికి వచ్చేవాళ్లని అనాలి. నీకేం తెలుసు మా పాట్లు! పొద్దున గేటు తీసిన దగ్గర్నుంచి చీకటి పడేదాకా తల ప్రాణం తోకకొస్తుంది. మొన్నటికి మొన్న ఒకాయన, చూస్తే పెద్దమనిషిలా ఉన్నాడు, నా దగ్గరికొచ్చి 'జలపాతం ఎన్నింటికి వదులుతారండీ' అని అడిగాడు. కుళాయి అనుకున్నాడు కాబోలు! ఇంకొకావిడ, 'జింకల్ని సాయంత్రం ఎక్కడ కట్టేస్తారు' అంది. కట్టెయ్యమండీ, అవి ఇక్కడే ఉంటాయి, మనమే ఇంటికెళ్లిపోతాం అన్నాను. నమ్మలేదు. నేనేదో దాస్తున్నట్టు చూసింది.

కొత్త జంట ఒకటి మరుగుదొడ్ల వెనకాల దారి తప్పింది. నిజమేనే! గోడ ఇటు నేను, గోడ అటు వాళ్లు, 'కాపాడండీ' అని ఒకటే కేకలు. ఎండుపుల్లలు తొక్కుకుంటూ వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోయింది. ఆ పిల్లాడు మాత్రం ఏదో పులి నోట్లోంచి పెళ్లాన్ని లాక్కొచ్చిన వీరుడిలా ఫొటో దిగాడు.

ఇలాంటివైతే నవ్వుకుని పోతాం. ఇంటికెళ్లి మా ఆయనకి చెప్తే బస్సు నడిపేవాడు కదా, స్టీరింగు వదిలేసినట్టు కడుపు పట్టుకుని నవ్వుతాడు. తిండి దగ్గరే వస్తుంది తంటా. గేటు దగ్గర చిలక్కి చెప్పినట్టు చెప్తాం. బాబూ, తిండి టెంట్లో పెట్టొద్దు, కార్లో పెట్టి తాళం వేసుకోండి. వాసనకి వస్తాయి, సబ్బు కూడా బయట ఉంచొద్దు. ఎలుగు కనబడితే ఫొటో కాదు, మెల్లగా వెనక్కి వచ్చెయ్యండి. అందరూ బుద్ధిగా తలూపుతారు. అంతలోనే లోపలికెళ్లి, 'పాపం, ఆకలిగా ఉందేమోరా' అంటూ రొట్టె తీస్తారు.

పాపమట! వీళ్ల జాలి తగలెయ్య. వీళ్లు చల్లగా ఇంటికెళ్లిపోతారు, ఆ ముక్క రుచి నీ నాలుక మీద ఉండిపోతుంది. తర్వాత ఏమవుతుందో వాళ్లకి ఎవరు చెప్పాలి? నేను చెప్తే కోపిష్టి మనిషని నాకు పేరు.

నీకు తెలుసా, నీకు మొద్దు అని పేరు పెట్టింది నేనే. ఆఫీసు వాళ్లకి నువ్వు పుస్తకంలో రాసుకున్న నంబరువి. ఆ నంబరు నాకెప్పుడూ గుర్తుండి చావదు.

మీ అమ్మ రోడ్డు మీద లారీ కింద పడి పోయిన రోజు అది. మేం వెళ్లేసరికి రోడ్డు పొడుగునా కార్లు, హారన్లు, అరుపులు. పిల్ల ఉందేమో వెతకండి అంటే అందరూ పొదలన్నీ గాలిస్తున్నారు. నువ్వెక్కడున్నావు? రోడ్డు కింద తూములో. మీద అంత గలాటా అవుతుంటే నువ్వు ఒళ్లు తెలీకుండా నిద్ర! ఇదెక్కడి మొద్దే అన్నాను. అంతే, ఆ పేరు ఉండిపోయింది. పాలు మానే వయసే, తిండి వెతుక్కోగలదు, ముట్టుకోకుండా వదిలెయ్యండి అన్నారు డాక్టరుగారు. వదిలేశాం. తూములోంచి బయటికొచ్చి, మీ అమ్మ పడున్న చోటు వాసన చూసి, చూసి, చూసి... అబ్బ, వద్దులే. ఆ సంగతి ఇప్పుడెందుకు.

నన్ను వెనక్కి లాగారే మా జీపు నడిపే డ్రైవరు తమ్ముడూ వాళ్లూ. లేకపోతే ఆ రోజు నిన్ను ఒళ్లోకి తీసేసుకునేదాన్ని. యూనిఫాం లేదు, రూలు లేదు, ఏమీ గుర్తు లేదు నాకు.

తర్వాత చలికాలం పోయాక ఒకరోజు వచ్చినవాళ్లు టెంట్లు వేసుకునే క్యాంపు దగ్గర చెత్తడబ్బాలో తల దూర్చి కనిపించావు. వెనకభాగం ఒక్కటే బయటికి. చూసి అందరూ నవ్వారు. పెద్దాఫీసరు నవ్వలేదు. 'ఇది మనుషులకి అలవాటు పడితే మన చేత్తోనే చంపుకోవాల్సి వస్తుంది, దీనికి మనుషులంటే భయం పెట్టాలి' అన్నాడు. ఎవరు పెడతారు అన్నాడు. అందరూ నా వైపు చూశారు. ఎందుకంటే నా గొంతు అలాంటిది మరి! గేటు దగ్గర అరిస్తే కొండ మీద వాళ్లకి వినబడుతుందని జోకు.

సరే అన్నాను. నిన్ను బతికించుకోవడానికి అదొక్కటే దారన్నారు.

ఇక అప్పట్నుంచి నా బతుకంతా నీ వెనకే. మొద్దు ఫలానా చోట కనిపించిందని కబురు రాగానే జీపెక్కడం, నేనూ డ్రైవరు తమ్ముడూ. జీపు దిగడం, ఇనప పళ్లెం గరిటెతో బాదడం, హారన్ మోగించడం, గొంతు చించుకుని అరవడం. దానికీ కదలకపోతే రబ్బరు గుండు. చంపదు, తోలు చీరదు, చుర్రుమంటుందంతే. అలా అని నేర్పారు మాకు. చుర్రుమనేది నీకు కదా, మాకేం తెలుస్తుంది?

మొదటి గుండు నీ తుంటి మీద తగిలింది. నువ్వు పరిగెత్తలేదు. వెనక్కి తిరిగి నా మొహం చూశావు. ఎందుకే అన్నట్టు. ఇంకోటి పేల్చమన్నాడు తమ్ముడు. పేల్చాను. అప్పుడు పరిగెత్తావు.

ఇంటికెళ్లి వంటింట్లో గిన్నెలు తోముతూ ఏడ్చాను. కుళాయి తిప్పి ఏడిస్తే వినబడదనుకున్నాను. మా ఆయన గుమ్మంలో నిలబడి, 'ఇంతకీ గుండు తగిలింది ఎలుగుకా నీకా' అన్నాడు. పోవయ్యా నువ్వొకడివి అని గిన్నె విసిరాను.

నీతో ఒక్క మంచి మాటంటే ఒక్క మంచి మాట ఆడలేదే. ఎప్పుడైనా విన్నావా నా నోట? పో, ఛీ, అవతలికి, ఇదే వరస. ఎన్నిసార్లు అనుకున్నానో, పళ్లెం కింద పడేసి 'బాగున్నావా మొద్దూ, తుంటి నొప్పి తగ్గిందా' అని అడగాలని. అడక్కూడదు. నవ్వు మొహం కూడా చూపించకూడదు నీకు. ఒక్కసారి మెత్తబడితే అన్నాళ్ల పనీ గంగలో కలిసినట్టే అనేవాడు పెద్దాఫీసరు.

దూరం నుంచి చూసేదాన్నిలే. నీకు తెలీదు. సెలవు రోజుల్లో గట్టు మీద బోర్లా పడుకుని బైనాక్యులర్స్‌లో చూసేదాన్ని. నువ్వు రాళ్లు తిరగేసి చీమల్ని నాకడం, ఆ పొదల దగ్గర కూర్చుని పళ్లు ఒక్కోటీ ఒక్కోటీ మూతితో కోసుకోవడం. ఎంత తీరిగ్గా తినేదానివే! మా ఆయన, 'పక్కింటి పిల్లని చూసినట్టు ఎలుగుని చూడ్డానికి పోతోంది, ఇదేం పిచ్చి' అనేవాడు. పిచ్చే. కాదని ఎవరన్నారు?

ఆ తర్వాత నువ్వు క్యాంపు దగ్గర కనబడటం మానేశావు. వేసవి వచ్చింది, పోయింది. ఇంకో వేసవి కూడా పోయింది. నీ మీద ఒక్క ఫిర్యాదు లేదు. మిగతా పార్కుల వాళ్లు మమ్మల్ని అడిగారు, ఎలా చేశారండీ అని. కొత్తగా చేరినవాళ్లని కూర్చోబెట్టి నా చేత మాట్లాడించారు. నేనేమో చొక్కా సర్దుకుని పెద్ద పోజుగా చెప్పాను. కఠినంగా ఉండాలమ్మా, మనసు రాయి చేసుకోవాలి, అప్పుడే అవి బతుకుతాయి అని. చప్పట్లు కూడా కొట్టారు.

చప్పట్లు! తల్చుకుంటే ఒళ్లు మండుతోంది.

మొన్న ఏం జరిగిందో తెలిశాక కదా మా తెలివి ఏపాటిదో బయటపడింది. ఆ క్యాంపులో దిగిన కుటుంబం, తండ్రీ, చిన్నపాపా, వాళ్ల బామ్మా. ఆ తండ్రి పాప చేతికి రొట్టె ముక్క ఇచ్చి, నీ వైపు చాపమని, తను ఫోన్లో వీడియో తీశాడు. ఆ వీడియో నిన్న ఆఫీసులో మాకు చూపించాడు. తప్పు తనది కాదని నిరూపించుకోవడానికి చూపించాడు, చూడు విడ్డూరం!

నువ్వు పొదలోంచి వచ్చావు. మెల్లగా, తల వంచుకుని. పాప చేతిలోంచి ముక్క తీసుకున్నావు. అంతలో ఎక్కడో జీపు చప్పుడు. ఆ చప్పుడు వినగానే ఎగిరిపడి పొదలోకి మాయమైపోయావు. జీపు అటు పోయింది. పోయాక మళ్లీ తల బయటపెట్టి, మళ్లీ వచ్చావు రొట్టె కోసం. వీడియోలో ఆ తండ్రి నవ్వుతున్నాడు, 'పోయార్లే వాళ్లు, రా రా' అంటున్నాడు.

డ్రైవరు తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు. 'అక్కా, అది మన జీపు' అన్నాడు.

అంతా అర్థమైపోయింది. మేం ఎప్పుడొచ్చినా ఆ జీపులోనే వచ్చాం. ఎప్పుడు బెదిరించినా ఈ మట్టిరంగు చొక్కాలోనే బెదిరించాం. మనుషులంటే భయం పెడుతున్నామనుకున్నాం. నువ్వేం నేర్చుకున్నావు? ఈ చొక్కా వేసుకున్నవాళ్లు రాక్షసులు, మిగతావాళ్లంతా రొట్టె పెట్టేవాళ్లు అని నేర్చుకున్నావు. ఎంత తెలివైనదానివే! మొద్దులం మేమే.

నువ్వసలు రావడం మానెయ్యనే లేదు. ఫిర్యాదు లేదంటే నువ్వు రావట్లేదని అనుకున్నాం మేం. వచ్చావు, తిన్నావు, జీపు చప్పుడైతే దాక్కున్నావు. పెట్టినవాళ్లు సరదా పడి పెట్టారు. మాకు చెప్తే తిడతామని చెప్పలేదు, అంతే. ఇన్నాళ్లూ ఎంతమంది చేతుల్లోంచి తిన్నావో!

ఒక్కరోజు, ఒక్కరోజంటే ఒక్కరోజు మా ఆయన చొక్కా వేసుకుని, ఆయన బస్సులోనో ఎవరి కార్లోనో వచ్చి నీ ముందు పళ్లెం మోగించి ఉంటే? ఎవరికీ తట్టలేదే. ఆఫీసరుకి తట్టలేదు, డాక్టరుకి తట్టలేదు, నాకు తట్టలేదు. ఉద్యోగానికి వెళ్తూ యూనిఫాం వేసుకోకుండా ఎవరు వెళ్తారు చెప్పు?

ఆ మధ్యాహ్నం వాళ్ల టెంట్లోంచి రొట్టె వాసన వచ్చింది నీకు. వెళ్లావు. లోపల ఆ బామ్మ కునుకు తీస్తోంది. ఆవిడ కెవ్వుమంది, నువ్వు బెదిరావు, బయటికి దారి కనబడక తిరిగిన తిరుగుడులో నీ గోళ్లు ఆవిడ చెయ్యి చీరేశాయి. నువ్వు కావాలని చెయ్యలేదు. అది నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. ఆస్పత్రికి చూడ్డానికి వెళ్తే కట్టు కట్టిన చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది. 'దాన్నేం చెయ్యకండమ్మా, నా చెయ్యి అతుక్కుంటుంది. అదీ నాలాగే హడలిపోయింది' అంది. కొడుకేమో పక్కనే నిలబడి, 'ఇంత ప్రమాదమైనదాన్ని మీరు అసలెందుకు ఉండనిచ్చారు' అని నన్నే నిలదీశాడు. నోరు పారేసుకునేదాన్నే. ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను.

మనిషి ఒంటి మీద నెత్తురు కనబడితే ఇక అడవిలో ఉంచకూడదు. అది మా పైవాళ్ల మాట. దాన్ని పెద్దాఫీసరు కూడా తీసెయ్యలేడు. నిన్న బోను పెట్టేటప్పుడు యూనిఫాం ఉన్నవాళ్లెవరూ దగ్గరికి రావద్దన్నారు డాక్టరుగారు. వంటావిడ చేత ఎర పెట్టించాం. నువ్వు ఆవిడ ఇటు తిరగ్గానే చకచకా లోపలికి నడిచొచ్చేశావు. పిలిచిన చుట్టం వచ్చినట్టు!

ఉండు. ఆఫీసు కిటికీలోంచి కనబడుతున్నాడు పెద్దాఫీసరు. ఫోను పెట్టేశాడు. లేచాడు. బయటికొస్తాడేమో.

రావట్లేదు. మళ్లీ కూర్చున్నాడేంటి? నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడా, జుట్టు సర్దుకున్నాడా? ఇంత దూరం నుంచి తెలీట్లేదు. డాక్టరుగారు వస్తున్నారులే. ఆయన్ని అడుగుదాం.

ఏంటి డాక్టరుగారూ? ఏమన్నారట వాళ్లు? పంపించమన్నారా?

ఇదేంటి, నా చేతిలో పెడతారు? ఆపిలా?

దీనికి తినడానికా?

సరే. సరేనండీ. మీరేం చెప్పక్కర్లేదు. అర్థమైంది.

అర్థమైందా మొద్దూ నీకు? నిన్నట్నుంచీ నీకు మేత బంద్ చేసింది ఈయనే. ప్రయాణం చేయించే మత్తు వేసే ముందు కడుపు ఖాళీగా ఉండాలి. లేకపోతే మత్తులో కక్కుకుని ఊపిరాడక పోతాయట. ఎన్ని జంతువుల్ని తరలించలేదు మేం! ఒక్క మెతుకు పెట్టనిచ్చేవాడు కాదు ఈ మహానుభావుడు. జాలిపడి ఆకు వేసినా అరిచేవాడు. అలాంటివాడు తనంతట తనే ఆపిలు కోసి తెచ్చి, పెట్టమంటున్నాడు.

జాగా లేదన్నారన్నమాట. ఆ మాట చెప్పడానికి నోరు రాక ఇది తెచ్చాడు.

చెప్పండి, వింటున్నాను. ఆ... బెదిరి ఉంటే మత్తు సరిగ్గా ఎక్కదు. తెలుసండీ. మీరు దూరం నుంచి కొడితే అది కొట్టుకుని, అరిచి, మళ్లీ కొట్టాల్సొచ్చి... వద్దు. వద్దండీ, అలా వద్దు. ఊచల దగ్గరికి రావాలి, నెమ్మదిగా ఉండాలి, మీరు పక్కనుంచి ఇవ్వాలి. వంటావిడ ఏది? వెళ్లిపోయిందా? నా వల్ల కాదని ఏడ్చుకుంటూ పోయిందా. పోనీలెండి, ఆవిడనెందుకు బాధపెట్టడం.

మీరు కొంచెం ఆ తలుపు వెనక ఉండండి. నేను పిలుస్తాను. నేనే చేస్తానండీ. నా పనేగా అది మొదట్నుంచీ.

ఏంటే చూస్తున్నావు? చొక్కా విప్పుతున్నాను, విడ్డూరమా? లోపల బనియనుందిలే. ఈ బొత్తాం ఒకటి ఎప్పుడూ రాదు. ఆ, వచ్చింది. మా ఆయన స్వెట్టరు సంచిలో పెట్టాడు పొద్దున, చలిగాలిగా ఉంది వేసుకోమని. మోచేతి దగ్గర చిరుగు, కుట్టమని నెల నుంచీ పోరుతున్నాడు. టోపీ కూడా తీసేశాను. ఈ చొక్కా బయట పడేసొస్తాను ఉండు, వాసన కూడా లేకుండా.

ఇదిగో. ఇప్పుడు చెప్పు. ఎవరిని నేను?

తోక ముడుచుకుని కూర్చున్నదానివి లేచి నిలబడ్డావే! గుర్రు ఏది? ఇందాకటి రంకెలు ఏమైపోయాయి? చొక్కా మారిస్తే మనిషి మారిపోతుందా నీకు?

నేనేనే మొద్దూ. పళ్లెం బాదేదాన్ని. నీ తుంటి మీద కాల్చినదాన్ని. గొంతు పోల్చుకో. ఓసి పిచ్చిదానా, పోల్చుకోవే. చూడు, ఇది ఆ గొంతే. అరవట్లేదంతే. పోల్చుకుని ఆ మూలనే ఉండిపో. బెదిరిపో. నామీద రంకె వెయ్యి. నువ్వు రాకపోతే రాలేదండీ అని చెప్పేస్తాను. నా వల్ల కాలేదండీ, మీ తంటాలేవో మీరు పడండని చెప్పేసి ఇంటికెళ్లి పడుకుంటాను.

రావొద్దే. నీకు నేర్పిందేంటి? మనుషుల దగ్గరికి రావొద్దనే కదా ఇన్నేళ్లూ నెత్తీ నోరూ కొట్టుకుంది?

వచ్చేస్తోంది. ఎంత నమ్మకంగా వచ్చేస్తోందో చూడు!

అబ్బ... ఇంత మెత్తగా తీసుకుంటావా? పళ్లు తగలనివ్వకుండా, పెదాలతోనే? ఆ పాప భయపడకపోవడంలో వింతేముంది. ముక్కు ఎంత చల్లగా ఉందే నీది! వేడిగా ఉంటుందనుకున్నాను. ఇన్నేళ్లూ చూశాను కానీ ఎప్పుడూ తెలీలేదు.

ఒక మాట చెప్పనా? మా ఆయనకి కూడా చెప్పలేదు ఇది. గట్టు మీద పడుకుని నిన్ను చూసిన ప్రతిసారీ నాకు ఇదే కావాలనిపించేది. నువ్వు నా దగ్గరికి రావాలి, నా చేతిలోంచి తినాలి, నేను నిన్ను ముట్టుకోవాలి. ఒక్కసారంటే ఒక్కసారి. అందరినీ తిడతాను కదా రొట్టె పెట్టారని? వాళ్లకున్న ఆశే నాకూ ఉందే. నేను చంపుకున్నాను, వాళ్లు చంపుకోలేదు, అంతే తేడా.

ఇవాళ తీరింది. సంతోషించాలా నేను?

ఇంకో ముక్క ఉంది, ఉండు, కంగారు పడకు. నీకే. అన్నీ నీకే. ఆ చెవి పక్కన గోకనా? ఆ... అలా ఆనుకో ఊచలకి. ఆనుకో తల్లీ.

డాక్టరుగారూ, రండి. దగ్గరికొచ్చింది.

చప్పుడు చెయ్యకండి. నెమ్మదిగా ఉంది.

నువ్వటు చూడకే, నన్ను చూడు. తిను. ఇవాళ నిన్ను ఎవ్వరూ ఏమీ అనరులే.